ఎదుటి చాప

నేను ఎడమచేతి మూడు వేళ్ళకే గోళ్ళు పెంచుతాను. మిగతా ఏడు వేళ్ళకూ మొదలంటా కత్తిరిస్తాను. మెదక్ కూరగాయల మార్కెట్లో బెండకాయలు ఏరుతుంటే కొత్తవాళ్ళు ఒకసారి ఆ చెయ్యి, ఒకసారి ఈ చెయ్యి చూసి, చివరికి నా మొహం చూస్తారు. ఒకామె ఉండబట్టలేక అడిగేసింది.

“ఏడుపాయల అమ్మవారి మొక్కా అక్కా?”

“కాదమ్మా, గిటార్.”

ఆమెకు మొక్కే నయమనిపించినట్టుంది. టమాటాల వైపు వెళ్ళిపోయింది.

నాకిప్పుడు నలభై ఆరేళ్ళు. అకూస్టిక్ గిటార్ వాయించడం నా వృత్తి. చెక్క పెట్టె, ఆరు తీగలు, అంతే. నా వెనక డ్రమ్ములు ఉండవు, పక్కన పాడేవాళ్ళు ఉండరు. ఒక కుర్చీ, ఒక మైకు, నేను. గంటన్నర సేపు జనాన్ని దగ్గకుండా కూర్చోబెట్టగలను. సొంత డబ్బా కొట్టుకుంటోంది అంటారేమో. కొట్టుకుంటే తప్పేముంది? పుణేలోనూ కొచ్చిలోనూ నాకు లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళు మా మేనత్తలూ బాబాయిలూ కారు.

నా వాయింపులో ఒక తిరకాసు ఉంది. అది చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. లోకమంతా గిటార్‌ను లావు తీగ పైకి, సన్న తీగ కిందికి వచ్చేలా పట్టుకుని కుడిచేత్తో మీటుతుంది. బొటనవేలు లావు తీగల మీద తాళం నడుపుతుంటే మిగతా వేళ్ళు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. నేను అదే గిటార్‌ను తిరగేసి పట్టుకుని ఎడమచేత్తో మీటుతాను. తీగల వరస మాత్రం మార్చను. అందుకని నాకు సన్న తీగ పైన ఉంటుంది, లావు తీగ కింద ఉంటుంది. నా బొటనవేలు పాట పాడుతుంది, వేళ్ళు తాళం మోస్తాయి. గోరు లేని బొటనవేలి కండతో మీటితే సన్న తీగ గీపెట్టదు. నిండుగా, మనిషి గొంతులా పలుకుతుంది. నాట్లేసేటప్పుడు మా వైపు ఆడవాళ్ళు పాడే పాటలను నేను వాయిస్తే విన్నవాళ్ళు మాటలు లేవన్న సంగతి మర్చిపోతారు. దానికి మూల్యం నా గోళ్ళు చెల్లిస్తాయి. లావు తీగల చుట్టూ మరో సన్నతీగ చుట్టి ఉంటుంది, దాని మీద గోరు ఆకురాయి మీద పెట్టినట్టు అరిగిపోతుంది. వారానికి రెండుసార్లు గోళ్ళకు జిగురు పూసి, నున్నగా రుద్దుకుని, పాపలా చూసుకోవాలి.

“ఎవరు నేర్పారండీ ఇలా?” అని ప్రతి ఊళ్ళో అడుగుతారు.

“ఎవరూ నేర్పలేదు. నాకు గురువు లేడు” అని ముప్పై ఏళ్ళుగా తల ఎగరేసి చెబుతూ వచ్చాను. ఆ మాటలో సగం నిజం, సగం పౌరుషం.

నా చిన్నప్పుడు మా వాడలో ప్రతి బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం జరిగేది. ఆదివారం పెద్ద గుడికి పోయేవాళ్ళం. చర్చిని మా ఇళ్ళల్లో గుడి అనే అంటాం. బుధవారం మాత్రం వాడలోని రేకుల గదే మా గుడి. మధ్యలో దారి వదిలి రెండు పెద్ద చాపలు ఎదురెదురుగా పరిచేవాళ్ళు. ఒక చాప మగవాళ్ళకు, ఎదుటి చాప ఆడవాళ్ళకు. మగవాళ్ళ చాప మీద ముందు వరసలో గిటార్ పట్టుకుని ఒక వడ్రంగి కూర్చునేవాడు. మా అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది కాబట్టి మాకు మామ. టేక్మాల్ నుంచి నిజాంపేట దాకా ఆయన చేసిన దర్వాజలు ఇప్పటికీ కిర్రుమనకుండా మూసుకుంటాయి. బదిలీ మీద వెళ్ళిపోయిన ఒక పాస్టరు అయ్యగారు వదిలేసిన గిటార్ అది. పోతూ పోతూ ఆయన మామకు నాలుగు కార్డులు, అంటే తీగలు కలిపి నొక్కే పట్లు, కూడా నేర్పి పోయాడు. ఆ నాలుగింటితోనే మామ పాటల పుస్తకం మొత్తం లాక్కొచ్చేవాడు.

నేను ఆడవాళ్ళ చాప మీద, సరిగ్గా ఆయనకు ఎదురుగా కూర్చునేదాన్ని. ప్రార్థన చేసేటప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటారు. మామ కూడా కళ్ళు మూసుకుని, ప్రార్థన కింద మెత్తగా మీటుతుండేవాడు. అప్పుడు నేను కళ్ళు తెరిచేదాన్ని. ఏ వేలు ఎక్కడ నొక్కుతోంది, ఎప్పుడు లేస్తోంది, ఏ తీగ ముందు మోగుతోంది, అన్నీ చూసేదాన్ని. దేవుడు క్షమించాడనే అనుకుంటున్నాను, లేకపోతే నాకు ఈ చేతులు ఇచ్చేవాడు కాదు.

శనివారం ఆ గది ఊడ్చే వంతు మా అమ్మది. ఆమె ఊడ్చి, చాపలు దులిపి, కిటికీలు తుడిచేంత సేపు నేను మేకుకు వేలాడే గిటార్‌ను దించి వాయించుకునేదాన్ని. ఎదురుగా కూర్చుని చూసిన దాన్ని కదా, ఆయన చేతులు నాకు ఏ వైపు కనబడ్డాయో ఆ వైపు చేతులే నేనూ వాడాను. అద్దంలో చూసి జడ వేసుకున్నట్టన్నమాట. తీగల వరస తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. అయితే ఆయన లావు తీగ మీద వేలు పెడితే నేనూ లావు తీగనే వెతుక్కుని పెట్టాను, అది పైనుందా కిందుందా అని పట్టించుకోలేదు. చెవికి సరిపోతే చేతికీ సరిపోయినట్టే అనుకున్నాను. అమ్మ చూసి నవ్వేది తప్ప వద్దనలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

పద్నాలుగేళ్ళప్పుడు ధైర్యం చేసి మామను అడిగాను.

“మామా, నాకు గిటార్ నేర్పియ్యవా?”

ఆయన నవ్వాడు. “నాకే నాలుగు ముక్కలు సక్కగ రావు, నీకేం నేర్పుత బిడ్డా? హైదరాబాద్ల మంచి సార్లు ఉంటరు, ఆడికి పోయి నేర్చుకో.”

ఆయన నిజమే చెప్పాడు. నాకు మాత్రం మొహం మీద తలుపు వేసినట్టయింది. కోపం నా ముక్కు మీద ఉంటుంది, అది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నువ్వు నేర్పకపోతే నేను రాకుండా పోతానా, చూస్తూ ఉండు అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన దగ్గర నేర్చుకున్నానన్న మాట నా నోటి నుంచి రాలేదు.

హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఒక సార్ దగ్గరికి వెళ్ళాను కూడా. ఆయన నన్ను చూసి తల పట్టుకుని, అందరిలా తిప్పి పట్టుకుంటేనే నేర్పుతానన్నాడు. ఆరు నెలలు అలాగే చేశాను. వేళ్ళకు అన్నీ వచ్చాయి. బొటనవేలు మాత్రం నోరు నొక్కేసిన పిల్లలా ఉండిపోయింది. ఏడో నెలలో గిటార్ తిరగేసుకుని మళ్ళీ నా దారిన నేను పడ్డాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా నా చెవే నేర్పింది. ఇప్పటికీ పొద్దున్నే రెండు గంటలు కూర్చుంటాను. చాలా రోజులు ఆ రెండు గంటల్లో ఒక పాటలోని ఒకే పంక్తి వాయిస్తాను, అది నన్ను విసిగించడం మానేసేదాకా. ఈ పనిలో ప్రతిభ అనేది ఉంటే అది ఆ విసుగును ఓర్చుకోవడంలోనే ఉంది.

పదేళ్ళ కింద మెదక్ తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. కచేరీలకు బయటికి వెళ్ళడం, రావడం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అందులోనూ నేను తిరగేసే చేశాను. ఎన్నో ఊళ్ళలో వాయించి కూడా సొంత ఊళ్ళో పూర్తి కచేరీ ఎప్పుడూ చెయ్యలేదు. ఈ ఎండాకాలం ఊళ్ళో కొందరు పూనుకుని ఫంక్షన్ హాల్ మాట్లాడారు. సాయంత్రం ఆరు గంటలకు కార్యక్రమం. పుణేలో తప్పు చేస్తే రైలెక్కి వచ్చేయొచ్చు. ఇక్కడ తప్పు చేస్తే తెల్లారి పాలప్యాకెట్ కోసం అదే జనం మధ్య నిలబడాలి. నాకు భయం లేదని అందరికీ చెప్పాను, కానీ వారం రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు.

కచేరీ రోజు పొద్దున చూస్తే గిటార్‌కు భుజం పట్టీ తగిలించే బొడిపె వదులైంది. తిరగేసి పట్టుకునే గిటార్ ఒళ్ళో నిలవదు, జారుతుంది, అందుకే కూర్చున్నా నేను పట్టీ వేసుకుంటాను. చిన్న చెక్క పుల్ల దిగ్గొట్టి మళ్ళీ బిగిస్తే చాలు. ఆ పనికి ఊళ్ళో మామ కంటే మంచి చెయ్యి లేదు. డెబ్బై దాటినా ఇంటి ముందు షెడ్డులో ఇంకా పని చేస్తూనే ఉన్నాడు. ఇచ్చి వచ్చాను. రెండింటికి రమ్మన్నాడు.

రెండింటికి వెళ్తే నా కోసం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మొహంలో పండగ కళ.

“పెట్టె తియ్యి బిడ్డా, జూడు” అన్నాడు.

బొడిపె గట్టిగా ఉంది. గిటార్ ఒళ్ళోకి తీసుకుని అలవాటుగా బొటనవేలు పై తీగ మీద వేశాను. సన్న తీగ పలకాల్సిన చోట లావు తీగ బొంయ్‌మంది.

“గిదేంది మామా?”

“తీగలు మార్చిన. ఎడమచెయ్యి పిల్లవు గదా, ఇన్నేండ్ల సంది ఉల్టా తీగల మీద తిప్పలవడుతున్నవ్. ఎడమచెయ్యోల్లకు తీగలు గూడ మార్చి కట్టాలెనంట, ఫోన్ల జూసిన. గప్పటి సంది నా మనసుల గదే ఉన్నది. గీ పొద్దు మనూర్ల ప్రోగ్రాం, సక్కగ జేసిస్త అనుకున్న.”

తీగలు మార్చడమే అయితే అరగంట పని. గిటార్ మెడ పైకొనలో తీగలు ఆనుకునే ఎముక పట్టీ ఒకటి ఉంటుంది, దాని మీద ఆరు గాట్లు ఉంటాయి. లావు తీగలు పట్టడానికి మామ మూడు సన్న గాట్లను ఆకురాయితో వెడల్పు చేశాడు. ఎంత శుభ్రంగా చేశాడంటే చూస్తే ముచ్చటేస్తుంది. ఇప్పుడు సన్న తీగలను వెనక్కి తెచ్చి కడితే అవి ఆ వెడల్పు గాట్లలో పడి కటకట కొట్టుకుంటాయి.

“ఏదీ, జర వాయించు” అన్నాడు మామ.

వాయించాను. మొదటి పంక్తి కూడా నడవలేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు కూడా నాకంటే నయం.

“అలవాటైతది తియ్యి” అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు.

బాగుంది మామా అని అబద్ధమాడి, ఎవరి గిటారో అడిగి తెచ్చుకుని వాయించొచ్చు. కానీ ఆయన ముందు వరసలో కూర్చుంటాడు. తను కట్టిన గిటార్ కోసం చూస్తాడు. ఆ మొహం చూస్తూ ఎలా వాయిస్తాను? అలా ఆలోచిస్తూ ఉండాల్సింది. నాలో మంచితనం ఇంకా తలుపు దగ్గరే ఉండగా కోపం లోపలికి వచ్చి కూర్చుంది.

“ఎవలు జెయ్యమన్నరు మామా నిన్ను? ఒక్క మాట అడగాలె గదా! ఆరింటికి నేను ఊరి ముంగట కూసోవాలె. గిప్పుడేం జెయ్యాలె నేను?”

మామ బిత్తరపోయాడు. లోపలి నుంచి చాయ్ గ్లాసులతో వస్తున్న అత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

“నీది ఎడమచెయ్యి గదాని...”

“నాది ఎడమచెయ్యి గాదు! మీ ఇంట్ల ఎన్నిసార్లు అన్నం తిన్న, ఏ చేత్తోని తిన్న? ఎన్నడు సూడలే నువ్వు?”

“మరి గిటార్ గట్లెందుకు వట్టినవ్?”

జవాబు నా దగ్గరే ఉంది, ముప్పై ఏళ్ళుగా ఉంది. అత్త చాయ్ గ్లాసులు బల్ల మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అంది.

“ఎందుకేంది? గా పిల్ల బుధవారం బుధవారం నీ ముంగటనే కూసునేది. నా పక్కపొంటే. అందరు ప్రార్థన జేస్తుంటె కండ్లు మూసేది గాదు, నీ చేతులే జూసేది. నేనే నెత్తి మీద ఒక్కటిచ్చేదాన్ని. నిన్ను జూసే నేర్చింది, గందుకే ఉల్టా వచ్చింది.”

మామ నా వైపు తిరిగాడు. “నిజమా బిడ్డా?”

“నిజమే.”

“నేను నీకేం నేర్పలే గదా. నువ్వడిగితె రాదన్న గదా.”

“నువ్వు నేర్పలే మామా. నేనే నేర్చుకున్న.”

“నాకొచ్చినయే నాలుగు కార్డులు.”

“గా నాలుగింటితోనే మొదలైంది.”

కళ్ళద్దాలు తీసి పంచెతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. నాకు సిగ్గేసింది. ఆయన పేరు ఎత్తకపోవడం ఇన్నేళ్ళూ నాకు నా గెలుపులాగే ఉండేది. ఆ షెడ్డులో నిలబడితే అది వట్టి పిసినారితనంలా కనబడింది.

“గదంత తర్వాత” అన్నాడు చివరికి. “ముందుగాల గిది సక్కజేద్దాం. ఎట్ల జేద్దాం, చెప్పు.”

హైదరాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒకతను చేస్తుంటే చూసిన ఉపాయం ఒకటి నాకు తెలుసు. గోళ్ళ కోసం జిగురు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

“అత్తా, ఇంట్ల వంటసోడ ఉన్నదా?”

“మిర్చిబజ్జీలల్ల ఏసే సోడనా?” అని మామ నోరు తెరిచాడు. “గది గిటార్ల ఏస్తవా?”

వేశాం. గాటులో చిటికెడు సోడా నింపి, దాని మీద ఒక చుక్క జిగురు వదిలితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. అది చూసి మామ చిన్నపిల్లాడిలా వేలితో తట్టి చూశాడు. ఆ తర్వాత నన్ను దగ్గరికి రానివ్వలేదు. సన్న ఆకురాయి తీసుకుని, ఊపిరి బిగబట్టి, కొత్త గాట్లు కోశాడు. రెండోది వెంట్రుకవాసి పక్కకు పోయింది. దాన్ని చెక్కేసి, సోడా నింపి, మళ్ళీ కోశాడు. ఆ మూడు గాట్లకు గంటన్నర పట్టింది. చాయ్ చల్లారిపోతే అత్త మళ్ళీ పెట్టింది. పాత తీగలు మెలికలు పడిపోయాయని కొత్తవి కట్టాను. బొటనవేలు పై తీగ మీద వేస్తే నా సన్న తీగ నిండుగా పలికింది. మామ ఆకురాయి కింద పెట్టాడు.

అక్కడి నుంచే కార్యక్రమం నడిపే ఆయనకు ఫోన్ చేశాను. ఆయన రాసుకున్న పరిచయంలో ‘ఏ గురువూ లేకుండా’ అనే వాక్యం ఉంది. అది నేను చెప్పి రాయించిందే. దాన్ని కొట్టేయమన్నాను. మరి దాని బదులు ఏం చదవాలని అడిగాడు. నేను మామ వైపు చూశాను.

“నా పేరు జెప్పకు బిడ్డా” అని చేతులు జోడించినంత పని చేశాడు. “మందిల ఇజ్జత్ వోతది. నన్ను గూడ ఎక్కి వాయించుమంటరు.”

సరే, ఏమీ చదవొద్దన్నాను.

ఆరింటికి హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక ఆడవాళ్ళు కొందరు కింద కూర్చున్నారు. మా స్కూల్ టీచర్లు వచ్చారు. మార్కెట్‌లో నా గోళ్ళ గురించి అడిగినామె కూడా కనబడింది. ముందు ఒక కీర్తన, తర్వాత నాట్ల పాటలు వరసగా వాయించాను. రెండో నాట్ల పాటకు వెనక నుంచి ఎవరో సన్నగా గొంతు కలిపారు. పాట ముగిసేసరికి ఆడవాళ్ళందరూ అందుకున్నారు. అప్పుడు నేను చేతి వేగం తగ్గించి, వాళ్ళ గొంతుల కింద వాయించాను. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఈ మాట మాత్రం డబ్బా కాదు, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళను అడగండి.

కచేరీ అయ్యాక శాలువాలు, ఫోటోలు, చెయ్యి పట్టుకుని వదలని చుట్టాలు. ప్రతివాళ్ళూ అద్భుతం అన్నారు, ఒక్క తప్పు కూడా లేదన్నారు. నాకూ వినడానికి హాయిగానే ఉంది. జనం పలచబడ్డాక మామ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతి వేళ్ళకు ఇంకా జిగురు అంటుకునే ఉంది.

“మస్తుగున్నది బిడ్డా” అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు. “మూడో పాటల గా లావు తీగ జర దిగింది. సూసుకున్నవా?”

కొత్త తీగలు సాగుతాయి. ఆ తీగ శ్రుతి దిగింది నిజమే, వెంట్రుకంత. అంతమందిలో ఎవరూ పట్టుకోలేదు.

“సూసుకున్న మామా. ఏలుతోని జర గుంజి పట్టిన. ఎవలకు ఎరుక గాలే అనుకున్న.”

“నాకు ఎరుకైంది గదా. గుంజి పడితె సరిపోదు. పాట ఆపి, తీగ సక్కజేసుకొని, మల్ల మొదలు వెట్టాలె. మంది ఏమనుకుంటరో అని భయపడొద్దు.”

హాలంతా మెచ్చుకున్నప్పుడు పొడిగా ఉన్న కళ్ళు అప్పుడు నిండాయి. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

“సరే మామా” అన్నాను.